నాలుగో గీత మీది క్లెఫ్

ఆమెను అందరూ రాతమ్మ అనేవారు. నలభై మంది వాయించే వాద్యబృందంలో ఎవరి కాగితం వారికి విడిగా రాసివ్వడం ఇరవై ఏడేళ్లుగా ఆమె పని. రిహార్సల్ హాలు వెనక, విరిగిన కుర్చీలు పడేసే గదిలో కిటికీ పక్కన బల్ల. దాని మీద సిరా, రూళ్లకర్ర, తప్పులు గీకే బ్లేడు. ఆ బ్లేడుతో ఆమెకు అట్టే అవసరం పడేది కాదు.

పని నేర్పింది మామగారు. పెళ్లయిన కొత్తలో ఐదు గీతలు గీసి, ఒకదాని మీద చుక్క పెట్టి, "ఇదేం స్వరం?" అని అడిగాడు. "తెలీదు మామయ్యా," అంది కోడలు.

"నాకూ తెలీదమ్మా. ముందు, గీతల మొదట్లో క్లెఫ్ అనే గుర్తు పెట్టందే ఆ చుక్క ఏమిటో దేవుడికైనా తెలీదు," అని నవ్వి, మూడు క్లెఫ్‌లూ దిద్దించాడు. వయొలిన్లకు మెలికల క్లెఫ్. దాని చుట్ట కింది నుంచి రెండో గీతను పట్టుకుని అది జి స్వరమని చెబుతుంది. బరువు గొంతు వాద్యాలకు రెండు చుక్కల క్లెఫ్; చుక్కల నడుమ గీత ఎఫ్. మూడోది లావు గీతకు ఆనుకున్న మూడంకెలా ఉంటుంది. దాని నడుము ఏ గీత మీద ఉంటే అది సి. వయొలిన్ కన్నా కాస్త పెద్దవైన వయోలాలకు నడిమి గీత మీద పెడతారు. మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే చెల్లోలు పైస్థాయికి ఎక్కినప్పుడు నాలుగో గీత మీద పెడతారు.

బృందాన్ని నడిపించడానికి కొత్తగా వచ్చిన కండక్టరుకు ఈ ఆఖరి ముక్క తెలియదు. జులపాల మాస్టారని అతనికి పేరు. పైన పటారం, లోన లొటారం. సొంత రచనంటూ అరవై పేజీలు తెచ్చి పడేశాడు. చెల్లోలతో సహా అన్నీ వయొలిన్ల క్లెఫ్‌లోనే. రాతమ్మ పళ్లు కొరుక్కుంటూ వారంపాటు కూర్చుని ఎవరి క్లెఫ్‌లోకి వారిది మార్చింది.

రిహార్సల్లో మాస్టారు చెల్లో కాగితం లాక్కుని ఆమెను పిలిపించాడు.

"ఈ క్లెఫ్ నడిమి గీత మీద కదా ఉండాలి? చెయ్యి జారిందా, కళ్లు కనపడ్డం లేదా?"

"చెల్లోలకి అక్కడే పెడతారండి. కిందికి దించితే ప్రతి స్వరమూ మూడో మెట్టుకి ఎక్కి కూర్చుంటుంది."

"నాకు పాఠాలు చెప్తావా? మార్చు!"

నలభై మంది ముందు. చెల్లోల వరసకి పెద్ద అయిన ముసలాయన గొంతు సవరించుకున్నాడు గానీ నోరు విప్పలేదు. రాతమ్మ కొత్త కాగితాల మీద క్లెఫ్‌లన్నీ దించి రాసింది. మర్నాడు చెల్లోలు తప్పుల తడకగా మోగాయి. మాస్టారు కళ్లు మూసుకుని తల ఊపాడు.

"ఇప్పుడు కుదిరింది!"

కోపం అక్కడితో పోయింది రాతమ్మకు. చదవడం రానివాడని అనుకుంది ఇన్నాళ్లూ. వినడం కూడా రాదన్నమాట. చెవిటివాడి మీద ఎవరైనా కోపగించుకుంటారా? వాడి కోసమా తను వారం రోజులు కళ్లు పొడుచుకుంది!

కచేరీ రోజున ముసలాయన ఆమె గదిలోకి తొంగిచూశాడు. "అక్కా, నీ పాత కాగితాలున్నాయా?"

"ఆవేళ నోరు పడిపోయిందేం, తమ్ముడూ?"

ఆయన తల వంచుకున్నాడు. ఆమె సొరుగులోంచి కట్ట తీసి ఆయన చేతుల్లోకి విసిరింది.

చెల్లోలు సరిగ్గా మోగాయి. మాస్టారు తేడా పసిగట్టలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మేనేజరు రాతమ్మ దగ్గరకొచ్చి, "చూశావా, ఆయన దిద్దాక ఎంత బాగుందో! నేర్చుకో," అన్నాడు.

"నేర్చుకుంటానండీ, ఆయన నేర్చుకున్నాక," అంది రాతమ్మ. మేనేజరు అర్థం కాక, నవ్వి వెళ్లిపోయాడు.

రెండేళ్లకు మాస్టారికి ఇంతకన్నా పెద్ద బృందంలో ఉద్యోగం వచ్చింది. వీడ్కోలు సభకు రాతమ్మను పిలిచారు. పనుందని చెప్పి పంపింది. నిజంగానే ఉంది; వయోలాల కాగితాలు చిరిగిపోతే తిరగరాస్తోంది.