హనుమేష్ స్కేలు

కర్నూలులో ఒక విత్తనాల కంపెనీ పరిశోధనలను పత్రికల్లో వేయించడం హనుమేష్ ఉద్యోగం. ఆయన చొక్కా జేబులో పెన్నుండదు, బడిపిల్లల ప్లాస్టిక్ స్కేలు ఉంటుంది. పొద్దున్నే టీ బంకు బల్లమీద ఐదు పేపర్లు పరిచి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పుతూ, తమ కంపెనీ వార్త కనబడగానే దానిమీద స్కేలు పెడతాడు. చదవడు. "చదివేది జనాల పనప్పా, కొలిచేది మన పని" అంటాడు. ఆ సెంటీమీటర్ల లెక్క హైదరాబాదు ఆఫీసుకు పోతుంది.

మొన్న వాన లేకున్నా కాసే కొత్త వేరుశనగను చూపిస్తానని విలేకరులకు ఉగ్గాని బజ్జీ పెట్టించి, సుంకులమ్మ అనే రైతు చేనికి తీసుకుపోయాడు. చేనులో సగం కంపెనీ విత్తనం, సగం ఆమె ఇంటి విత్తనం. ఫొటో కోసం, "కాయలు బాగుండే చెట్టొకటి పీక్కొని రామ్మా" అన్నాడు. ఆమె తెచ్చింది. కంపెనీ విత్తనమేనా అని ఒక విలేకరి అడిగాడు.

"మా ఇంటిదేనప్పా. బాగుండేది తెమ్మన్నాడు గదా ఈయప్ప! వాళ్ల పక్క యాడుండాది?"

మరునాడు ఐదు పేపర్లలోనూ ఆమె ఫొటో, పైన 'సుంకులమ్మ విత్తనమే మేలు' అని లావు అక్షరాలు. హనుమేష్ స్కేలు రెండుసార్లు తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మూడోసారి కొలిచాడు. నూట పద్నాలుగు సెంటీమీటర్లు! ఇంత ఎన్నడూ రాలేదు. 'సుంకులమ్మ చేను, 114 సెం.మీ.' అని లెక్క పంపేశాడు.

పది గంటలకు హైదరాబాదు నుంచి జవాబొచ్చింది: "అభినందనలు. వచ్చే నెల కూడా విలేకరులను ఆమె చేనికే తీసుకెళ్లండి."