మోటారు వాసన

సిరిసిల్లలో హనుమండ్లు నమ్మేది ఒక్క తన సాంచానే, అంటే ఇంట్లో ఉన్న మరమగ్గాన్నే. దాని మీద గుడ్డ నేసేటప్పుడు తప్ప మిగతా లోకమంతా ఆయనకు అనుమానమే. పాలు పోయించుకుంటే గిన్నెలోకి తొంగిచూస్తాడు. బస్సెక్కితే డ్రైవర్‌కు దారి తెలుసో లేదో అని దిగేదాకా గుబులు. అలాంటి మామ ఉన్న ఇంట్లో కోడలు నర్మద దూరవిద్యలో డిగ్రీకి చేరింది.

"కాలేజీకి పోవుడు లేదు మామా. ఎప్పుడంటే అప్పుడు సదువుకోవచ్చు."

"ఎప్పుడంటే అప్పుడా? గట్లంటే ఎన్నడూ సదవరన్నట్టే బిడ్డా. నాకు అనుమానమే."

ఆయన అన్నట్టే అయింది. వంటయ్యాక, బట్టలయ్యాక, పండుగయ్యాక అనుకుంటూనే నర్మద అర్థశాస్త్రంలో తప్పింది. గడువులోగా మళ్లీ రాయడానికి ఇక ఒక్క అవకాశమే మిగిలింది. అదీ పోతే ఇన్నేళ్ల చదువూ గంగలో కలిసినట్టే.

దాంతో రోజూ సాయంత్రం పుస్తకం ముందేసుకుంది. ఆమె కూర్చోగానే ముందుగదిలో సాంచా టక్కున ఆగేది. హనుమండ్లు గడపలో ప్రత్యక్షం.

"మోటార్ల మాడిన వాసన వస్తుంది. జర చల్లారనియ్యాలె. ఏం సదువుతున్నవ్?"

"గిరాకీ గురించి మామా."

"ఏదీ, పుస్తకం మూసి చెప్పు."

నర్మదకు ఒళ్లు మండేది. తను ఫోన్ చూస్తోందేమో కనిపెట్టడానికే సాంచా ఆపి మరీ వస్తున్నాడని ఆమె అనుమానం. మామ జబ్బు కోడలికీ అంటుకుంది. చెప్పబోతే రెండో మాటకే నోరు తడబడేది. ఉక్రోషంతో మళ్లీ చదివి, మర్నాడు తన మాటల్లో చెప్పేది.

"దసరాకు చీరలకు గిరాకీ పెరుగుతది. ధర పెరుగుతది."

"మరి మా కూలి ఎందుకు పెరుగలే? గా పుస్తకం మీద నాకు అనుమానమే."

పరీక్ష దగ్గరపడింది. మోటారు నిజంగానే కాలిపోతే కొంప మునుగుతుందని నర్మద మెకానిక్ సర్దార్‌ను పిలిపించింది. అతడు విప్పి చూసి నవ్వాడు.

"ఏం ఫికర్ లేదు చెల్లె. మోటారు కొత్తదాని లెక్క ఉన్నది. మామకు ఎప్పుడో చెప్పిన."

సాంచా నడిపి చూపించాడు. ఆ మోతలో అతడు ఇంకేదో అన్నాడు గానీ నర్మదకు ఒక్క ముక్క వినబడలేదు. అప్పుడు వెలిగింది ఆమెకు. మీటరు లెక్కన కూలి దొరికే మనిషి ఇన్నాళ్లూ ఆమె చదివినంతసేపూ సాంచా బందు పెట్టుకుని కూర్చున్నాడు. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ సంతోషమేసింది.

"గీ సర్దార్ మీద నాకు ముందునుంచీ అనుమానమే" అని హనుమండ్లు మొహం తిప్పుకున్నాడు.

ఫలితాలొచ్చాయి. నర్మద పాసైంది.

"ఎవలి నంబరు చూసినవో! ఇంకోసారి చూడు" అని అద్దాలు తుడుచుకుని మరీ చూశాడు మామ.

"నీ అనుమానం తీరింది గద. ఇగ సాయంత్రం గూడ సాంచా నడుపుకో మామా."

హనుమండ్లు ముక్కు పైకెత్తి గాలి పీల్చాడు.

"పీజీ గూడ ఇంట్ల కూసోనే సదువచ్చట గద? మోటార్ల వాసన ఇంకా పోలే బిడ్డా."