నాయన వేళ్లకు ఒక గడియారం

మా నాయనకు చక్కెర జబ్బుతో చూపు పోయి మూడేళ్లయింది. తిండి, స్నానం, వీధి అరుగు దాకా నడక, అన్నీ ఆయనే చూసుకుంటాడు. టైము మాత్రం ఒకరిని అడగాల్సి వచ్చేది. అంతకు ముందు ఆయన ఎవరినీ టైము అడిగి ఎరగడు. చేన్లో నిలబడి నీడ చూసి చెప్పేవాడు, అదీ మనం అడిగితేనే.

అడిగే ముందు గొంతు సవరించుకుని, "ఎంతయింది?" అనేవాడు. చెప్పేవాళ్లం. పావుగంటకు మళ్లీ అదే. నేను హైస్కూల్లో లెక్కల అయ్యవారిని. పిల్లలు ఒకే ప్రశ్న పదిసార్లు అడిగినా కోపం తెచ్చుకోను. ఇంటికొచ్చాక నాయన రెండోసారి అడిగితే మాత్రం విసుక్కునేవాణ్ణి. దాచి ప్రయోజనం లేదు. ఒకరోజు ఆ విసుగు ఆయన చెవిన పడింది. ఆ పూట ఇక అడగలేదు. మాత్ర వేసుకునే వేళ దాటిపోతున్నా అడగలేదు. నాకు సిగ్గేసింది.

మాట్లాడే గడియారం ఒకటి కొనుక్కొచ్చాను. బొత్తాం నొక్కితే ఒక ఆడగొంతు వీధి చివరిదాకా వినపడేలా ఇంగ్లీషులో టైము చెప్పేది. నాయన రెండు రోజులు ఓర్చుకుని, బ్యాటరీ ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"నేను టైము చూసుకునేది ఊరందరికీ ఎందుకప్పా?" అన్నాడు.

అందుకని అద్దం లేని చెక్క గడియారం నేనే చేద్దామనుకున్నాను. గంటకొక మేకు పైకి పొడుచుకుని ఉంటే, ముల్లు ఎక్కడుందో వేలితో తడిమి తెలుసుకోవచ్చు. కదిరిలో బ్యాటరీతో నడిచే మెషిను, రెండు ముళ్లు కొన్నాను. చెక్క కోసం మా ఊరి వడ్రంగి దగ్గరికి పోయాను. రోడ్డు వెడల్పు చేయడానికి కొట్టేసిన వేపమాను అతని కొట్టం ముందు పడి ఉంది.

"ఇది పచ్చి మాను అన్నా. కోసిస్తా గానీ, ఆరు నెలలు నీడలో పెట్టుకోవాల," అన్నాడు.

"ఈడ ఆరు నెలలెందుకప్పా? నాలుగు దినాలు మిద్దె మీద పారేస్తే సరిపోదా?" అన్నాను.

మా తనకల్లు పక్క ఎవరైనా ఈ మాట ఇంతే ధీమాగా అంటారు. మా దగ్గర ఎవరి సాయమూ లేకుండా జరిగే పని ఎండటం ఒక్కటే. చెరువు ఎండుతుంది, బోరు ఎండుతుంది, వేరుశనగ ఊడ నేలలోకి దిగకముందే ఎండుతుంది. ఆరు నెలలనేది వానలు పడే ఊళ్ల లెక్క అనుకున్నాను. వడ్రంగి వాదించలేదు. గుండ్రంగా కోసిచ్చాడు.

మిరపకాయల పక్కన ఎండబెట్టాను. నాలుగో రోజుకు మిరపకాయలు బాగా ఎండాయి. చెక్క మధ్య నుంచి అంచు దాకా చీలింది, అంచులు పైకి లేచాయి. నాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని చుట్టూ తడిమాడు.

"గడియారం చేస్తానని చేట చేసినావే," అన్నాడు.

"చెరిగేదానికన్నా పనికొస్తాదా మామా?" అని నా భార్య లోపలి నుంచి అడిగింది.

"రాదమ్మా. చీలికలో గింజలు కారిపోతాయి," అని ఆయన శ్రద్ధగా జవాబిచ్చాడు. తర్వాత నాతో, "అటక మీద మన గుంటక దిండు ఉండాది. అది బాగా ఆరిన మాను. తీస్కపో," అన్నాడు.

గుంటకకు ఆయన ఎద్దులను కట్టి చేన్లో కలుపు తీసేవాడు. దాని అడ్డదూలమే దిండు. నల్లతుమ్మది. ట్రాక్టర్లొచ్చాక అటకెక్కింది. వడ్రంగి దాన్ని మూడు పలకలుగా చీల్చి, జిగురుతో అతికి, గుండ్రంగా కోశాడు. వారం రోజులు సాయంత్రాలు నేను ఉప్పుకాగితంతో రుద్దడం, నాయన తడిమి "ఈడ ఇంకా గరుకు ఉండాది" అనడం. ముప్పై డిగ్రీలకొక గీత గీసి ఇత్తడి మేకులు కొట్టాను. పన్నెండు దగ్గర మూడు మేకులు; మూడు, ఆరు, తొమ్మిది గంటల దగ్గర రెండేసి, మిగతా చోట్ల ఒక్కొక్కటి. నాయన మంచం పక్కన, ఆయన రొమ్ము ఎత్తులో గోడకు తగిలించాను.

ఆయన లేచి నిలబడి చిన్న ముల్లు తడిమాడు, పెద్ద ముల్లు తడిమాడు. "నాలుగూ ఇరవై," అన్నాడు. ఎవరితోనూ కాదు. నాకు ఏడుపొచ్చి పెరట్లోకి పోయాను.

రెండో రోజుకే గడియారం పావుగంట వెనకబడింది. బ్యాటరీ మార్చాను. కదిరికి పోయి అంగడాయనతో గొడవపడి మెషిను కూడా మార్చుకొచ్చాను. అదీ వెనకబడింది. చివరికి ఒక సెలవు రోజు పక్కనే కూర్చుని చూశాను. వేరుశనగ కాయలో గింజ కట్టిందా అని నొక్కి చూస్తాం కదా, నాయన ముల్లును అలాగే నొక్కుతున్నాడు. నొక్కినప్పుడల్లా అది కాస్త వెనక్కి జరుగుతోంది. అన్ని కోణాలూ కొలిచిన లెక్కల అయ్యవారికి ఆ సంగతి తట్టలేదు.

ఆయనకు చెప్పలేదు. చెప్తే తాకడం మానేసి మళ్లీ మమ్మల్ని అడుగుతాడు. రోజూ ఆయన స్నానానికి పోయినప్పుడు ముల్లు సరిచేసేవాణ్ణి. సాయంత్రానికి మళ్లీ వెనకబడేది. కదిరి బస్సు హారన్ వినపడితే, "ఈ పొద్దు కూడా బస్సు ముందే వచ్చినాది," అనేవాడు. "అవును మామా, ఈ మధ్య తొందరగా వస్తాంది," అనేది నా భార్య. ఇలా నెలలు గడిచాయి.

మొన్న ఆదివారం ముల్లు తిప్పుతుంటే నాయన తడి తువ్వాలుతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఎంత వెనకబడింది?" అన్నాడు.

"పది నిమిషాలు నాయనా. నీకెట్ల తెలుసు?"

"దినామూ ముందొచ్చే బస్సు యాడన్నా ఉంటాదా?"

"మరి ఇన్నాళ్లూ ఒక మాటైనా అనలేదే?"

"మీరు చెప్పేది సరైన టైమే. ఇది తప్పుదే అయినా నేను చూసుకున్న టైము. ఆదివారం ఆదివారం సరిచెయ్, చాలు," అని, నన్ను పక్కకు జరగమని ముళ్లు తడుముకున్నాడు.

ఇప్పుడు ఆదివారం మాత్రమే సరిచేస్తున్నాను. అన్నం కూడా ఆ గడియారం ప్రకారమే పెడుతున్నాం. శనివారానికి మా ఇంట్లో ఊరందరి కంటే గంట ఆలస్యంగా తింటాం. ఎంత ఆకలేసినా ఎవరమూ టైము మాట ఎత్తం.