వంటింటి తలుపు, కరెంటు గిటారు

మునుసామి నాయకర్‌ది ఒక్కటే గుణం. వేలి కణుపుతో తట్టి చూడనిదే ఆయన దేన్నీ నమ్మడు. తలుపులు, మంచాలు, బండి నొగలు, గుమ్మడికాయలు, కొత్తగా పరిచయమైన మనుషులు, అన్నిటికీ అదే పరీక్ష. కోవిల్‌పట్టిలో ఆయన కణుపు తగలని కొయ్య ఒక్కటే మిగిలిందనీ, అది పోలీసు స్టేషను తలుపనీ జనం అనుకునేవాళ్ళు. అదీ పొరపాటే. ఒకరోజు దాన్నీ తట్టాడు. ఏం ఫిర్యాదని జవాను బయటికొస్తే, "ఫిర్యాదు తలుపుది సామీ. ఇంత మంచి టేకు మీ దగ్గర తెరిచేదానికీ మూసేదానికీ తప్ప పనికి రాలేదే" అని చెప్పి వచ్చాడు.

ఆయన బామ్మర్ది గురుసామికి ఈ సంగతి పెళ్ళిచూపుల నాడే తెలిసిపోయింది. అక్క వీరమ్మాళ్ తల వంచుకుని వచ్చి నిలబడితే, పెళ్ళికొడుకు పిల్లను చూడటం మానేసి తను కూర్చున్న బల్లను తట్టాడు.

"ఇది ఏ మాను మామా?"

"వేప" అన్నాడు గురుసామి తండ్రి.

"కాదు, పనస. మిమ్మల్ని మోసం చేసినారు. మీ మంచికే చేసినారు."

పెళ్ళి కుదిరింది. సారెతో పాటు ఆ బల్ల కూడా అత్తారింటికి వెళ్ళింది. ఏడాది తిరక్కుండా అది బల్ల కాకుండా పోయింది. అప్పట్లో ఆయన వీణలు బాగుచేసేవాడు.

గిటార్ల పిచ్చి తరవాత పట్టుకుంది. ఒక నాటకాల కంపెనీ కోవిల్‌పట్టిలో దిగినప్పుడు వాళ్ళ గిటారును బండెద్దు తొక్కింది. అతికించమని మునుసామికిచ్చారు. ఆయన అతకాల్సిన చోటు వదిలేసి, బాగున్న చోట్లన్నీ కూడా ఊడదీసి, ఒక్కొక్క ముక్కనూ తట్టి, గోడ మీద బొగ్గుతో బొమ్మ గీసుకుని, మళ్ళీ అతికించి ఇచ్చాడు. అది మునుపటికన్నా బాగా పలికింది. అంతే, నల్లరేగడి చేను పాలేరు మాయాండికి అప్పగించి, పెరట్లో పత్తికట్టె వేసుకునే కొట్టం ఖాళీ చేసి, ఉలి పట్టుకుని కూర్చున్నాడు.

ఆయన దగ్గర తయారుగా ఉన్న గిటారు దొరకదు. మనిషిని చూసి చెయ్యాల్సిందే. వేళ్ళు కొలుస్తాడు, ఒడి కొలుస్తాడు, చివరికి ఛాతీ తట్టి సత్తం, అంటే చప్పుడు, వింటాడు. రాజు వేషాలు కట్టే చెల్లదురై అనే భారీ మనిషి దీనికి అభ్యంతరం చెప్పాడు.

"గిటారు కావాలన్నాను గానీ, నేను జబ్బుపడ్డానని చెప్పలేదే."

"గిటారు నీ పొట్ట మీద కూచోవాల కదా. పొట్ట సత్తం తెలీకుండా గిటారుకు పొట్ట ఎట్లా చేసేది? లోపల శానా నిండుగా ఉండాది. నీకు పలక పల్చగా చెయ్యాల" అన్నాడు మునుసామి. చెల్లదురై ఆ మాటను పొగడ్తగానే తీసుకున్నాడు.

ఆ ఇంట్లో ఆయన ఉలి తగలని కొయ్య ఒక్కటే ఉండేది. తాతల నాటి వంటింటి తలుపు. పండిన పనస. రోజూ పొద్దున కాఫీకి ముందు దాన్ని మూడుసార్లు తట్టి, కళ్ళు మూసుకుని, తృప్తిగా తల ఊపేవాడు. నాటకాల కంపెనీ యజమాని ఆ తలుపుతో గిటారు చెయ్యమని బతిమాలినా ఇవ్వలేదు.

"ఇది ఎవరికో ఇంగా తెలీలేదు" అనేవాడు.

"తెలీకేమి, నాకు. వంటింటికి" అనేది వీరమ్మాళ్.

ఇక గురుసామి సంగతి. అతను విరుదునగరంలో పత్తి జిన్ను ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇరవై రెండేళ్ళుగా గింజనూ దూదినీ వేరుచేసే యంత్రాల మధ్యనే బతుకు. అతనికి ఈ మధ్య లోకం మీద ఒక కోపం వచ్చింది. ఎవరూ నోరు తెరిచి మాట్లాడటం లేదు. భార్య కమలం గొణుగుతోంది. మేనేజరు గొణుగుతున్నాడు. పిచ్చుకలు కూయడమే మానేశాయి. మనుషుల్లో బద్ధకం పెరిగిపోయిందని గురుసామి నిశ్చయానికి వచ్చాడు. తన చెవుల మీద మాత్రం అతనికి ఏ అనుమానమూ రాలేదు.

అనుమానం వచ్చింది భజన గోష్ఠికి. పెరుమాళ్ కోవెల్లో శనివారం భజన నడిపించేది తాత కాలం నుంచీ గురుసామి ఇంటివాళ్ళే. తంబుర మీటుతూ అతను ఎత్తుకుంటే పదిహేనుమంది అందుకోవాలి. ఆ ఏడాది అతను ఒక శ్రుతిలో ఎత్తుకోవడం, గోష్ఠి ఇంకో శ్రుతిలో వెతుక్కోవడం మొదలైంది. మిరపకాయల కొట్టు శంకరలింగం మర్యాదగానే చెప్పాడు.

"గురుసామి మామా, పురట్టాసి నెల చివరి శనివారం దాకా చూస్తాము. అప్పుడూ ఇట్లే ఉంటే, నువ్వు పక్కన కూచో. నేను నడిపిస్తా."

"తంబుర ముసలిది అయిపోయినాది. దానికి నన్ను అంటే ఎట్లా?" అన్నాడు గురుసామి. అని ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఫ్యాక్టరీ పని పోయినా అంత బాధపడేవాడు కాదు. తాత కూర్చున్న చోట ఇంకొకడు కూర్చుంటే తను ఏ ముఖంతో కోవెలకు వెళ్ళాలి?

చుట్టంచూపుగా వచ్చిన మునుసామి ఆ రోజు మండపంలో స్తంభానికి ఆనుకుని కూర్చుని అంతా విన్నాడు. స్తంభాన్ని ఒకసారి తట్టి లేచాడు.

ఆ తరవాత ప్రతి శనివారం పొద్దున్నే ప్యాసింజరులో దిగడం మొదలుపెట్టాడు. గురుసామి కుర్చీలో కూర్చుంటే వెనక గోడ తడతాడు. అన్నం తింటుంటే ఎడమ పక్క ఇత్తడి బిందెను గరిటెతో కొడతాడు, తరవాత కుడి పక్కకు మార్చి కొడతాడు. ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ కొడతాడు. నిలబడిన చోటల్లా నేల మీద బొగ్గుతో గీత గీస్తాడు. గురుసామి మధ్యలో ఎప్పుడో తల తిప్పి చూసేవాడు.

"బావా, ఏమి చేస్తా ఉండావు?"

"బిందె చూస్తా ఉండా."

"బిందెలో ఏముండాది?"

"మంచి సత్తం ఉండాది. నువ్వు తిను."

"మీ బావ వచ్చి పోతే నేల తుడవలేక చస్తా ఉండా" అని కమలం విసుక్కునేది. అదీ గొణుగుడుగానే వినిపించేది గురుసామికి.

నాలుగో శనివారం మునుసామి ఒక ప్రకటన చేశాడు.

"నీకు కరెంటు గిటారు చేస్తా ఉండా. తంబురకు బదులు దాన్నే మీటు."

"బజనకు గిటారా? అదీ కరెంటుదా?"

"పెరుమాళ్ళు తంబురే కావాలని చెప్పినాడా ఏమి? తంతి తంతే. శ్రుతి శ్రుతే."

ఆ వార్త విరుదునగరంలో మిరపఘాటుకన్నా త్వరగా పాకింది. పత్తి దళారి కొట్లో మూలపడి ఉన్న పాత టెలిఫోనును మునుసామి అడిగి తీసుకుపోయాడనీ, బస్సు కంపెనీలో ఒక బ్యాటరీ సంపాదించాడనీ, పగిలిన గ్రామఫోను బూర కొన్నాడనీ తెలిసి జనం పగలబడి నవ్వారు. మునుసామి ఎదురుపడితే మొహం మీదే నవ్వారు. ఆయన వాళ్ళతో కలిసి నవ్వి, వాళ్ళ కొట్టు బల్లలు తట్టి వచ్చేవాడు. గురుసామికి మాత్రం తల కొట్టేసినట్టుండేది. పరువు పోయే సమయానికి ఈ బావ ఇంకో పది మందిని నవ్వడానికి పోగేస్తున్నాడు.

పురట్టాసి చివరి శనివారం గిటారు, బ్యాటరీ, బూర, భార్య వీరమ్మాళ్, వీటన్నిటితో మునుసామి రైలెక్కాడు. టికెట్ కలెక్టరు ఆపాడు.

"ఈ పెట్టెలో ఏముంది?"

"కరెంటు."

"రైల్లో కరెంటు తీసుకుపోకూడదు."

"నేనెక్కడ తీసుకుపోతా ఉండా? రైలు తీసుకుపోతా ఉండాది, నేను కూచోనుండా" అంటూనే మునుసామి కూర్చున్న బెంచీని తట్టి, "ఇది ఊడొస్తాదా?" అని అడిగాడు. కలెక్టరు పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి గిటారు విప్పితే గురుసామి చేతులు తుడుచుకుని అందుకున్నాడు. తేనె రంగు పలక. అతని ఒడికి అతికినట్టు కూర్చుంది. వేలు ఎక్కడ పడాలో అక్కడే పడింది. వీరమ్మాళ్ మాత్రం దాన్ని గుర్రుగా చూస్తోంది.

"ఏమి అక్కా, బాగలేదా?"

"బాగుండక ఏమి. నా వంటింటి తలుపు. ఇప్పుడు గోనెపట్టా కట్టుకోనుండా. పిల్లి వచ్చి పాలు తాగి పోతా ఉండాది" అంది ఆమె. అంటూనే సంచీలోంచి చుట్టి కుట్టేసిన కొత్త తలపాగా తీసి తమ్ముడి తలకు పెట్టింది. దాని వెనక నుంచి సన్నటి తీగ వేలాడుతోంది.

"ఈ తీగ ఏమి బావా?"

"గిటారు నుంచి ఒక తీగ బూరకు, ఇంగొకటి నీ తలకు. కరెంటు మనిషి తల గుండా పోయి రావాల. లేకుంటే బూర పలకదు."

గురుసామికి ఇంజను సంగతి తెలుసు గానీ కరెంటు సంగతి తెలియదు. తీగ వీపు మీద ఉత్తరీయం కింద దాచుకుని, గిటారు మీటాడు. ఒక్కసారిగా అదిరిపడ్డాడు. ఎన్నేళ్ళయిందో శ్రుతి అలా నెత్తి మీద కూర్చుని పలికి. ప్రతి తంతీ దేనికది విడిగా, తేటగా వినిపించింది.

"బావా, శానా సత్తం. వీధంతా లేచి వస్తాది" అన్నాడు.

"వస్తే రానీలే" అన్నాడు మునుసామి. ఆయన ముఖం ఆ క్షణాన వెలిగిపోయింది.

మండపం నిండిపోయింది. సగం మంది పెరుమాళ్ళ కోసం, మిగతా సగం కరెంటు కోసం. శంకరలింగం పక్కనే సిద్ధంగా కూర్చున్నాడు. గురుసామి గిటారు మీటి ఎత్తుకున్నాడు. గోష్ఠి అందుకుంది. మొదటి పాట, రెండో పాట, మూడోది. ఎక్కడా వెంట్రుకవాసి తప్పలేదు. తండ్రి దగ్గర నేర్చుకున్న గొంతు వెనక్కి వచ్చి కూర్చుంది. హారతి వేళకు శంకరలింగం తాళాలు కింద పెట్టి చెంపలు వేసుకున్నాడు.

"మామా, పాట ఎప్పటి పాటే. ఇంగ గోష్ఠి నీదే. ఆ బూర మాత్రం ఇంటికి పంపు. పిచ్చుకలు గూడు పెట్టుకుంటాయి."

"ఎందుకు? అంత సత్తం మీకు సరిపోలేదా?"

"ఏ సత్తం? ఉత్త గిటారుకన్నా అణుమాత్రం ఎక్కువ లేదే" అన్నాడు శంకరలింగం. బూరలో చెవి పెట్టి చూసిన వాళ్ళంతా అదే మాట అన్నారు. దీనికన్నా దోమే గట్టిగా అరుస్తుందన్నారు. బూరలో కరెంటు తిరగడం కాదు, మునుసామి తలే తిరిగిందన్నారు. మండపం కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. మునుసామి మధ్యలో నిలబడి, "బ్యాటరీ పాతది, అదే తప్పు" అని తల గోక్కుంటూ వాళ్ళకన్నా ఎక్కువగా నవ్వాడు.

గురుసామికి ఏమీ అర్థం కాలేదు. తనకు హోరెత్తిన సత్తం ఇంత మందికి వినిపించకపోవడం ఏమిటి? జనానికి గొణుగుడే కాదు, చెవుడు కూడా వచ్చిందనుకున్నాడు.

మరుసటి నెల, ఐప్పసి వానల్లో ఒక శనివారం కోవెల నుంచి వస్తుంటే తలపాగా తడిసి ముద్దయింది. ఆరేద్దామని కుట్లు విప్పితే లోపలి నుంచి నల్లటి గుండ్రటి డబ్బా ఒకటి ఒళ్ళో పడింది. ఫ్యాక్టరీ ఆఫీసులో రోజూ చూసేదే. టెలిఫోనులో చెవికి పెట్టుకునే ముక్క. గురుసామి మెల్లగా లేచి బూరలో చెయ్యి పెట్టాడు. మడిచిన పాత పేపరు తప్ప అందులో ఏమీ లేదు. దానికి వెళ్ళే తీగ అంచు దగ్గర ముడివేసి ఉంది, అంతే.

ఆ డబ్బాను చెవికి ఆనించుకుని, గిటారును తట్టమని కమలానికి చెప్పాడు. ఆమె తట్టింది. వినిపించింది. డబ్బా తీసేసి మళ్ళీ తట్టమన్నాడు. ఆమె వేలు కదలడం కనిపించింది, అంతే. అప్పుడు అతని చూపు నేల మీదికి పోయింది. కమలం ఎంత తుడిచినా పోని బొగ్గు గీతలు, కుర్చీ చుట్టూ, ఎడమన దూరంగా, కుడిన దగ్గరగా.

వారం తరవాత గురుసామి కోవిల్‌పట్టి రైలెక్కాడు. పక్కన నిలువెత్తు పనస తలుపు. శ్రీవిల్లిపుత్తూరులో పాత ఇల్లు కూలుస్తుంటే వెతికి కొన్నది. ఆ టికెట్ కలెక్టరే వచ్చి తలుపునూ మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"మీ ఇంట్లో ఎవరూ ఒట్టి చేతులతో రైలెక్కరా?" అన్నాడు.

కొట్టంలో మునుసామి ఉలి సానబడుతున్నాడు. గురుసామి నల్ల డబ్బా తీసి ఆయన ముందు పెట్టాడు. మునుసామి దాన్ని చూసి, ఉలిని చూసి, చివరికి కప్పును చూశాడు.

"ఎప్పుడు తెలిసినాది బావా?"

మునుసామి బామ్మర్ది ఎడమ చెవి దగ్గరికి జరిగి, గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. "మీ వాకిలి తలుపు తట్టినా నువ్వు తిరగలేదు కదా. అప్పుడు."

"నాకు చెప్పొచ్చు కదా."

"చెప్తే నువ్వు ఒప్పుకుంటావా? బావకు పిచ్చి అని ఉండవా?"

నిజమే, ఒప్పుకునేవాడు కాదు.

"ఊరంతా నిన్ను చూసి నవ్వినాది బావా."

"నన్ను చూసి నవ్వేది వాళ్ళకు అలవాటే. కొత్తగా ఇంగొకరు ఎందుకు?" అన్నాడు మునుసామి, ఉలి మళ్ళీ సానరాయికి ఆనించి.

గురుసామి బావ భుజం పట్టుకుని లేపి వాకిట్లోకి తీసుకొచ్చాడు. తలుపు గోడకు ఆనించి ఉంది. దాని ముందు వీరమ్మాళ్ గరిటె పట్టుకుని కాపలా నిలబడింది.

"అక్కకు తెచ్చినా. తట్టి చూడు" అన్నాడు గురుసామి.

మునుసామి దగ్గరికి వెళ్ళాడు. పైన తట్టాడు, నడుమ తట్టాడు, కింద తట్టాడు. కళ్ళు మూతలు పడ్డాయి. ముఖం మీద పెళ్ళిచూపుల నాటి వెలుగు వచ్చింది. అప్పుడు కళ్ళు తెరిచి భార్యను చూశాడు, ఆమె వెనక గాలికి ఊగుతున్న గోనెపట్టాను చూశాడు, దాని కింది నుంచి బయటికొస్తున్న పిల్లిని చూశాడు. కొయ్య విషయంలో పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అబద్ధమాడాడు.

"ఏమీ బాగలేదు. తలుపుకే పనికొస్తాది."

ఆ సాయంత్రమే తలుపు వంటింటికి ఎక్కింది. మర్నాడు పొద్దున గురుసామి వసారాలో కూర్చుని కాఫీ తాగుతుంటే, మునుసామి వంటింటి వైపు పిల్లిలా నడిచి వెళ్ళాడు. గురుసామికి చప్పుడేమీ వినిపించలేదు. కానీ అక్క గరిటె తీసుకుని లేవడం చూసి, బావ మూడుసార్లు తట్టేశాడని అతనికి అర్థమైంది.