ఆపరేషన్ తర్వాత మళ్ళీ ఇంజన్ ఎక్కిన వేసవి

కోవిడ్ తగ్గి రైళ్ళన్నీ మళ్ళీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది నేను ధర్మవరం డిపోలో గూడ్స్ లోకో పైలట్‌గా ఉన్నాను. డ్రైవర్లు హాజరు వేసి డ్యూటీ తీసుకునే చోటును మేము డిపో అంటాం. పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వైపు పోయే సరుకు బండ్లు నడపడం మా పని. నాకు సర్వీసు ఇంకా మూడేళ్ళుంది. ఆ ఏడాదే నా ఉద్యోగం చేజారినంత పనై నిలబడింది.

అప్పటికి నా బరువు నూట ముప్పై కిలోలు దాటింది. వేళాపాళా లేని డ్యూటీలు, బయటి ఊళ్ళలో డ్రైవర్లు దిగి పడుకునే రన్నింగ్ రూములో దొరికినప్పుడే కడుపు నిండా తినడం, ఇంటికొచ్చి పడుకోవడం, ఇలా ముప్పై ఏళ్ళు గడిచాయి. ఇంజన్ మెట్లు ఎక్కి సీట్లో కూర్చున్నాక ఆయాసం తగ్గడానికి కాసేపు పట్టేది. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. గురక ఎంత పెద్దదంటే, రన్నింగ్ రూములో నా గదిలో పడుకోవడానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

డ్రైవర్లకు కొంత కాలానికొకసారి వైద్య పరీక్ష ఉంటుంది. రైలు నడపాలంటే ఏ-వన్ అనే మెడికల్ కేటగిరీ తప్పనిసరి. అది పోతే డ్రైవర్‌ని ఇంజన్ దించి ఏదో ఒక ఆఫీసు కుర్చీలో వేస్తారు. ఆ సారి పరీక్ష చేసిన రైల్వే డాక్టరమ్మ నిద్ర పరీక్ష కూడా చేయించింది. నిద్రలో నాకు ఊపిరి ఆగి ఆగి వస్తోందని, అందువల్ల పగలు కునుకు పట్టే ప్రమాదం ఉందని తేలింది. బరువు తగ్గకపోతే ఏ-వన్ మీద ఆశ పెట్టుకోవద్దని ఆమె మొహమాటం లేకుండా చెప్పింది. మాత్రలూ పథ్యాలూ అప్పటికే చాలా అయ్యాయి. బెంగళూరులో ఆపరేషన్ చేయించుకుందామని నేనూ నా భార్య సరోజా తీర్మానించుకున్నాం.

పొట్టలో చాలా భాగం కోసి తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా ఉంచే ఆపరేషన్ అది. ఇంటికి పంపేటప్పుడు సర్జన్ చెప్పిన మాట ఒకటి నాకు బాగా గుర్తుంది. ఆపరేషన్ తన పని అని, ఇకపై ఏడాది పాటు జరగాల్సిందంతా నా పని అని అన్నాడు. మొదట నీళ్ళలాంటి ఆహారం, తర్వాత మెత్తగా చేసినవి, ఆ తర్వాతే అన్నం. ఏదైనా బాగా నమలాలి. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు. నీళ్ళు కూడా రోజంతా గుక్కెడు గుక్కెడుగానే తాగాలి. విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి.

రొద్దం దగ్గరి మా ఊరి నుంచి అమ్మ వచ్చి మాతో ఉంది. రాగి సంగటి ముద్దలు తినిపించి పెంచిన మనిషి, వడగట్టిన పెసరకట్టు చిన్న గ్లాసుడు తాగి నేను చాలనడం చూడలేకపోయింది.

"ఇంత తాగితే పానం యాడ నిలుస్తుంది నాయనా? పిల్లి గూడా ఇంతకన్నా ఎక్కువ తాగుతాది" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

ఒకరోజు సరోజ బజారుకు పోయిన సమయంలో, అమ్మ బతిమాలితే కాదనలేక మెత్తటి సంగటి నాలుగు ముద్దలు మింగాను. ఎదురురొమ్ములో రాయి పడ్డట్టు పట్టేసింది. నోట్లో నీళ్ళూరాయి, ఊపిరి కూడా బరువైంది. చివరికి వాంతయ్యాక గానీ తెరిపిన పడలేదు. అమ్మ బాగా భయపడింది. ఆ రోజు నుంచి నా తిండికి ఆమే కాపలా.

ఎంత కాపలా అంటే, రొద్దంలో మా మేనల్లుడి పెళ్ళి భోజనాల దగ్గర బంధువులంతా నా చుట్టూ చేరారు. "ఏమప్పా ఓబుళేసూ, ఇట్ల ఎండిపోతివే! ఏం జబ్బు చేసింది?" అని ఒకరు, "ఇంగ రెండు ముక్కలు ఎయ్యండబ్బా" అని ఒకరు. అమ్మ లేచి నా ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వానికేం జబ్బు లేదు. డాక్టర్లు కడుపు చిన్నది చేసినారు. వాడు తిన్న కాడికి తింటాడు. మీరు పొయ్యి మీ ఆకుల్లో చూసుకోండి" అంది. వడ్డించేవాడు గరిటె వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత ఏ ఫంక్షన్‌కు పోయినా నన్నెవరూ బలవంతపెట్టలేదు.

బరువు వేగంగా తగ్గింది. జుట్టు ఊడింది. ఎండాకాలం మొదలైనా నాకు చలిగా ఉండేది, రాత్రి దుప్పటి కావలసివచ్చేది. పొట్ట చర్మం వేలాడింది. ఇవన్నీ మామూలేనని, చాలావరకు సర్దుకుంటాయని సర్జన్ ముందే చెప్పినా, అద్దంలో చూసుకుంటే వేరే మనిషిలా ఉండేవాణ్ణి. అయితే గురక పోయింది. షుగరు మాత్రలు ఆగిపోయాయి. సరోజ మొదట్లో, గురక వినపడక, నేను ఊపిరి తీస్తున్నానో లేదోనని లేచి చూసేదట.

నాలుగు నెలలకు మళ్ళీ వైద్య పరీక్షకు వెళ్ళాను. నిద్ర పరీక్ష బాగా వచ్చింది. బీపీ మాత్రతో బీపీ సరిగ్గా ఉంది. డాక్టరమ్మ ఏ-వన్ ఫిట్ రాసింది. మూడు నెలలకు మించి ఒక సెక్షన్‌లో, అంటే మేము నడిపే దారి భాగంలో, బండి నడపకపోతే, వేరే డ్రైవర్ పక్కన కూర్చుని సిగ్నళ్ళూ మలుపులూ మళ్ళీ చూసుకుని రావాలి. దాన్ని రోడ్ లర్నింగ్ అంటారు. అదీ ముగించి సొంతంగా బండి తీసుకోవడం మొదలుపెట్టాను. ఇంజన్ మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం రాలేదు. సీట్లో కూర్చున్నాక పక్కన ఇంకా చోటు మిగలడం వింతగా అనిపించింది.

కొన్ని వారాలకు, మే నెలలో ఒక మధ్యాహ్నం, హిందూపురం వైపు పోయే సిమెంటు లోడు తీసుకుని బయలుదేరాను. నా అసిస్టెంట్ గంగాధర్ కదిరి మనిషి, ముప్పై ఐదేళ్ళవాడు, మాట తక్కువ. పెనుకొండలో ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి మా బండిని పక్క లైనులో పెట్టారు. క్యాబిన్‌లో వేడి మంటలా కొడుతోంది. ఆ వేడిలో తాగాల్సినన్ని నీళ్ళు గుక్కలు గుక్కలుగా తాగడం కుదరలేదు. ఎక్స్‌ప్రెస్ వెళ్ళిపోయాక, మా సిగ్నల్ కోసం చూద్దామని సీట్లోంచి లేచాను. కళ్ళు చీకట్లు కమ్మాయి. కిటికీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

"సార్, మొగమంతా చెమట్లు పట్టినాయి. ఏమైతాంది?" అన్నాడు గంగాధర్.

ఏం లేదన్నాను. కాసేపటికి కాస్త తేరుకున్నట్టే అనిపించింది. అంతలో మాకు సిగ్నల్ పడింది. బండి కదిలించాలి. హిందూపురం ఎంతో దూరం లేదు, చేరిపోవచ్చనిపించింది. ఒళ్ళు బాగాలేదని చెబితే మళ్ళీ వైద్య పరీక్ష తప్పదు. ఈసారి పోతే ఏ-వన్ తిరిగి రాదని, పడిన కష్టమంతా ఆఫీసు కుర్చీ కోసమే అవుతుందని మనసులో మెదిలింది. చూద్దామని ఇంకొకసారి లేచి నిలబడ్డాను. మళ్ళీ అదే చీకటి.

"బండి తీయను గంగాధర్. నాకు బాగలేదు" అన్నాను.

అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "మంచి పని సార్. కూచోండి, నేను మాట్లాడతా" అని వాకీటాకీ అందుకున్నాడు. స్టేషన్ మాస్టర్ కంట్రోలర్‌కు చెప్పాడు. ఒక సెక్షన్‌లో ఏ బండి ఎప్పుడు పోవాలో నిర్ణయించేవాడు కంట్రోలర్. పట్టాలెక్కిన లోడు ఆగిపోతే అతనికి తలనొప్పి. అయినా ఒక్క ఎదురు ప్రశ్న వేయకుండా వేరే డ్రైవర్‌ని పంపిస్తానన్నాడు. గంగాధర్ బండికి బ్రేకులు బిగించాడు. వెనకనున్న గార్డు కూడా తన వైపు భద్రం చేశాడు. నన్ను పెనుకొండ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బీపీ బాగా పడిపోయిందని సెలైన్ ఎక్కించారు.

సరోజా అమ్మా ధర్మవరం నుంచి వచ్చారు. అమ్మ నా పాదాలు పట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. "ఈ కడుపు కోయించుకోకుండా ఉండాల్సింది" అని మాత్రం అంది. ఆ మాట నాక్కూడా నిజమేమో అనిపించింది. సరోజ నా మందుల సంచీ సర్దుతూ కూర్చుంది.

రెండు రోజుల తర్వాత రైల్వే డాక్టరమ్మ ముందు కూర్చున్నాను. ఆమె ముందు నా బరువు చూసింది. ఫిట్ రాసిన రోజు కన్నా ఇంకా బాగా తగ్గింది. కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. ఏ మందులు వేసుకుంటున్నానని అడిగింది. సరోజ సంచీలోంచి తీసి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. బీపీ మాత్ర రాగానే డాక్టరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది.

"మీ ఒంట్లో ఏమీ చెడలేదు ఓబుళేసుగారూ. ఈ మాత్ర మీ పాత బరువుకు సరిపోయేది. మీరు తగ్గుతున్నారు, మాత్ర తగ్గలేదు. దానికి తోడు ఎండ, నీళ్ళు చాలకపోవడం" అంది.

సరోజే అడిగింది. "అంటే మేడమ్, ఈయన ఇంగ బండి నడపచ్చా?"

మాత్ర ఆపి కొన్నాళ్ళు చూస్తానని, బీపీ నిలకడగా ఉంటే నడపకపోవడానికి కారణమే లేదని ఆమె చెప్పింది. సరోజ అక్కడే, డాక్టరమ్మ ముందే, కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది. బయట బెంచీ మీద కూర్చున్న అమ్మకు విషయం చెబితే, "మాత్రదా తప్పు? కడుపుది కాదా?" అని రెండు సార్లు అడిగి నిర్ధారించుకుని, "అయితే పదండి, ఆకలైతాంది" అని లేచింది. పొద్దుటి నుంచి ఆమె ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది.

మూడు వారాలు మాత్ర లేకుండానే బీపీ సరిగ్గా నిలిచింది. మళ్ళీ ఫిట్ వచ్చింది. ప్రతి నెలా బరువుతో పాటు బీపీ చూపించుకోవడం, బండి ఆగిన ప్రతి చోటా రెండు గుక్కలు నీళ్ళు తాగడం అలవాటు చేసుకున్నాను. మిగిలిన సర్వీసంతా ఇంజన్ మీదే చేసి, ఏ-వన్‌లోనే రిటైరయ్యాను.

ఇప్పుడు హిందూపురంలో ఉంటున్నాను. ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్ళు ఒకరిద్దరు నా దగ్గరికి వచ్చి అడుగుతుంటారు. వాళ్ళకు రెండే చెబుతాను. పొట్ట ఒక్క పూటలో చిన్నదవుతుంది, మిగతా ఒళ్ళు దానికి సర్దుకోవడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాదంతా తిండిని చూసుకున్నంత జాగ్రత్తగా పాత మందులనూ డాక్టరుకు చూపించుకోవాలి. డ్రైవర్లు ఎవరైనా అడిగితే ఇంకొక మాట కలుపుతాను. ఒంట్లో బాగాలేదని చెప్పాల్సింది బండి నిలబడి ఉన్నప్పుడే. కదిలాక చెప్పడానికి వ్యవధి ఉంటుందన్న నమ్మకం లేదు.