మా ఊరికి నడిచొచ్చిన కెమిస్ట్రీ సార్

మా కెమిస్ట్రీ సార్ పోయారని మొన్న మంగళవారం సంగారెడ్డి నుంచి ఫోనొచ్చింది. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసి ఇన్నేళ్లు బతికానంటే ఆయన వల్లే. అలాంటి మనిషిని ఒకప్పుడు నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

డెబ్బైలలో సంగారెడ్డిలో డిగ్రీ చదివాను. ప్రాక్టికల్స్‌లో ఒక్కొక్కరికి ఒక పొడి పొట్లం ఇచ్చి, అందులో నైట్రోజన్ ఉందా, గంధకం ఉందా, క్లోరిన్ ఉందా కనిపెట్టమనేవారు. పొడిని సోడియంతో ఎర్రగా కాల్చి నీళ్లలో వేయాలి. సోడియం ముక్కను మాత్రం సారే కోసి ఇచ్చేవారు. "నీళ్లు తగిల్తె భగ్గుమంటది. మీ తీరు నాకెరుకే" అని నవ్వేవారు.

ఆ నీళ్లు వడగట్టి సిల్వర్ నైట్రేట్ వేస్తే, క్లోరిన్ ఉంటే తెల్లగా విరుగుతుంది. నైట్రోజన్ ఉన్నా అట్లాగే తెల్లబడి మోసం చేస్తుంది. అందుకే ముందు నైట్రిక్ ఆసిడ్ పోసి బాగా మరిగించాలి. "మరిగించకుంట రాయకుండ్రి" అని సార్ ఎన్నిసార్లు చెప్పారో!

పరీక్షలో నాకు నైట్రోజన్ ఒక్కటే వచ్చింది. సార్ దగ్గరున్న జవాబుల కాగితంలో క్లోరిన్ కూడా ఉంది. సున్నా వేశారు.

"నేను మంచిగ మరిగించిన సార్" అన్నాను.

"నేనూ చేసి చూసిన బిడ్డా, ఇగ వాదించకు" అన్నారు.

ఒళ్లు మండిపోయి కాలేజీ మానేశాను. మా నాయన "ఇగ సదువు సాలు. పటాన్‌చెరుల కొత్త ఫ్యాక్టరీ గేటుకాడ కూలికి మందిని తీస్కుంటున్నరట, సోమారం పోదాం" అన్నాడు. కోపమైతే ఉంది గానీ, చదువు పోతోందని నాకు లోలోపల ఏడుపే.

ఆదివారం మధ్యాహ్నం, సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో బస్సు దిగి, ఎండలో మా ఊరి దాకా నడిచొచ్చారు సార్. నాయన మంచం వాల్చాడు. ఆయన కూర్చోలేదు.

"మీ పిలగాడు తప్పు చెయ్యలె. చీటీ ఊడిపోయిన సీసాల పొడి అది, ఏందో తెల్వక నేనే చేసి చూసి జవాబు రాసిన. జల్దీల నేనే మరిగించలె. నిన్న మళ్ల చేస్తె తెలిసింది. తప్పు నాది."

నాయన నా మీద గయ్యిమన్నాడు. "ఏంది గట్ల నిలవడ్డవ్? సారుకు సల్ల తే. రేపు మొదటి బస్సుకు కాలేజీకి పో."

సోమవారం క్లాసులో, అందరి ముందు, సార్ అదే పొడితో చేసిన నీళ్లు రెండు ట్యూబుల్లో పోశారు. మరిగించని దాంట్లో సిల్వర్ నైట్రేట్ వేయగానే పాలలా తెల్లబడింది. "నేను గిది చూసి మోసపోయిన" అన్నారు. రెండోది మరిగించి వేశారు. ఏమీ రాలేదు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. దాన్ని పట్టుకుని బెంచీ బెంచీకీ తిరిగి అందరికీ చూపించి, చివరికి నా దగ్గరికొచ్చి నా చేతిలో పెట్టారు. ట్యూబు ఇంకా వెచ్చగా ఉంది.