అయిపోయిన పెళ్లికి నేను తప్పించిన ముహూర్తం

పెళ్లికి ఆలస్యంగా వెళ్లినవాళ్లు చాలామంది ఉంటారు. అయిపోయిన పెళ్లిని పదహారు రోజుల తర్వాత ఆలస్యం చేసిన ఘనుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. పేర్లు మార్చి చెబుతున్నాను. ఎందుకు మార్చానో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. రెజిమెంటల్ బజార్‌లో ఒక బట్టల కొట్టు పైనున్న గదిలో యాదగిరన్న వీడియో స్టూడియో నడిపేవాడు. ఆయన పెళ్లిళ్లు తీస్తే నేను ఎడిటింగ్ చేసేవాణ్ణి. ఆయన పద్ధతి ఒకటే. కెమెరా కార్డులోంచి వీడియో అంతా కంప్యూటర్‌లోకి ఎక్కించడం, ఒక్కో ముక్కా చూసి రూళ్ల పుస్తకంలో రాసుకోవడం. "మంగళస్నానం, మంచిగుంది. అప్పగింతలు, జెర మసక." ఆ పుస్తకం చూస్తే నాకు సిగ్గేసేది.

వీడియో ముక్కలను కెమెరా నుంచి దించి, ఏది ఏ కెమెరాతో ఏ టైముకు తీశారో చదివి, వరసగా పేర్చి ఎడిటింగ్‌లోకి పంపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయని తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. మూడింటిని తెచ్చి పరీక్షించాను. మొదటిది నెమ్మదిగా, ఒక్క ఫైలూ పోనివ్వకుండా పనిచేసేది, కానీ దాని ముఖం కరెంటు బిల్లులా ఉండేది. రెండోది అన్నీ బాగానే చేసేది గానీ, ప్రతిసారీ "కెమెరాల గడియారాలు సరిచూశారా?" అని అడిగేది. ఇంట్లో అమ్మ, స్టూడియోలో యాదగిరన్న అడిగేవి చాలక ఇదొకటా అని తీసేశాను. మూడోది ఏమీ అడగదు. పైగా ఒక్క మీట నొక్కితే, ఆ ముక్క తీసిన టైమును బంగారు రంగు అంకెల్లో తెర మూలన వేస్తుంది. కొరివితో తల గోక్కునేవాడికి కొరివి బంగారు రంగులో ఉంటే ఇంకా ముద్దొస్తుంది. దాన్నే ఎంచుకున్నాను.

"గా టైమెందుకురా తెర మీద? పెళ్లి వీడియోనా, పోలీసుల కెమెరానా?" అన్నాడు యాదగిరన్న.

"స్టైల్ అన్నా."

"స్టైల్ సంగతి నాకు తెల్వది. రెండు కెమెరాలల్ల టైము ఒక్కతీరుగ పెట్టినవా?"

"పెడ్త అన్నా. అదేమన్న పెద్ద పనా?"

పెట్టాను కూడా. నేను చెప్పబోయే పెళ్లికి ముందురోజు ఇంట్లో కూర్చుని, ఫోన్‌లో ఆ సాఫ్ట్‌వేర్ పాఠం చూస్తూ పెట్టాను. పాఠం ఆపి ఫోన్‌లో టైము చూడడానికి బద్ధకమేసి, తలెత్తి గోడ గడియారం చూశాను. మా ఇంటి గోడ గడియారం సంగతి ఇక్కడ చెప్పాలి. నేను పొద్దున్నే లేవనని అమ్మ దాన్ని ముందుకు జరిపి పెట్టేది. ఎంత జరిపిందో ఎవరికీ చెప్పేది కాదు, చెబితే అంతసేపూ లెక్కగట్టి పడుకుంటానని. పుట్టినప్పటి నుంచి ఎరిగిన ఈ విషయం సరిగ్గా ఆ క్షణంలో మరిచిపోయాను.

పెళ్లికూతురు కావ్య, వాళ్లది బొల్లారం. పెళ్లికొడుకు వాళ్లు గోదావరి వైపు నుంచి వచ్చి ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడ్డవాళ్లు. ముహూర్తం పొద్దున పది గంటల ఇరవై రెండు నిమిషాలకు. పెళ్లి ఘనంగా జరిగింది. పదహారు రోజుల పండగనాడు కావ్య పుట్టింట్లో రెండు కుటుంబాలూ కలిసి, నేను తెచ్చిన వీడియో టీవీలో పెట్టించుకుని భోజనాలకు కూర్చున్నాయి. నాకు ఆకులో నాలుగు బూరెలు పెట్టారు. నేను పెళ్లికొడుకు కన్నా దర్జాగా కూర్చున్నాను.

జీలకర్ర బెల్లం ఘట్టం వచ్చింది. పెళ్లికొడుకు తల్లి సత్యవతిగారు కళ్లద్దాలు సర్దుకున్నారు.

"బాబూ, కాస్త ఆపు. ఆ మూలన పదకొండు రెండు అని ఉందేంటి?"

"టైమండీ. కొత్త సాఫ్ట్‌వేర్. క్షణాలతో సహా పక్కా."

ఆవిడ పెళ్లికూతురు తండ్రి వైపు తిరిగారు.

"అన్నయ్యగారూ, ముహూర్తం పది ఇరవై రెండు కదండీ?"

"అవును వదినా," అన్నాడు కావ్య తండ్రి వెంకటేశం.

"అంటే నలభై నిమిషాలు దాటాక పెట్టించారన్నమాట."

"మీరే లేటొచ్చిండ్రు గద. ఏ.ఎస్. రావు నగర్ నుంచి బొల్లారం రానికి గంటన్నర పడ్తదా?"

"మేమొచ్చేసరికి మీ అమ్మాయి జడే పూర్తవలేదండీ. చెబితే బాగుండదని ఊరుకున్నాం."

"అట్లనా. మీవోడు షేర్వాణీ మర్శిపోయి మళ్ల ఇంటికి పోలేదా? అది సుత చెప్తె బాగుండదనే మేం ఊకున్నం."

అప్పటిదాకా పాలూ నీళ్లలా కలిసున్న రెండు కుటుంబాలు నూనే నీళ్లూ అయ్యాయి. చివరికి సత్యవతిగారు లేచి నిలబడ్డారు.

"మా వాడి జాతకానికి వెతికి వెతికి పెట్టించుకున్న ముహూర్తమండీ అది. ఇంకో మంచిరోజు చూసి మళ్లీ జీలకర్ర బెల్లం పెట్టాల్సిందే. అప్పటిదాకా అమ్మాయిని ఇక్కడే ఉండనివ్వండి."

కావ్య ముఖం పాలిపోయింది. పెళ్లికొడుకు బూరె నోటి దాకా తెచ్చి ఆపేశాడు. పదహారు రోజుల కాపురాన్ని నా బంగారు అంకెలు కూల్చేస్తున్నాయని నాకు అప్పటికి అర్థమైంది. నిజంగా ఏడుపొచ్చింది.

"టైము తప్పయి ఉండొచ్చండీ," అన్నాను.

"ఇప్పుడే క్షణాలతో సహా పక్కా అన్నావు కదయ్యా."

పెళ్లి చేయించిన పంతులుగారి ఇల్లు పక్క వీధే. కబురు పెట్టారు. ఆయన వస్తూనే సంగతి విని మండిపడ్డారు.

"నేను ముహూర్తం తప్పిస్తనా? జీలకర్ర బెల్లం పెట్టించే ముంగట నా వాచీ కెమెరాకు చూపెట్టిన. ప్రతి పెళ్లిల చూపెడ్త. గా ముక్క ఏది?"

అందరూ నావైపు తిరిగారు. ఆ ముక్కను నేనే తీసేశాను. పంతులుగారి మణికట్టు అంత అందంగా లేదనిపించి.

ల్యాప్‌టాప్ తెరిచాను. ఆ పాపిష్టి సాఫ్ట్‌వేరే రెప్పపాటులో ఆ ముక్కను వెతికి ఇచ్చింది. తెర నిండా పంతులుగారి చెయ్యి. వాచీలో పది ఇరవై రెండు, మూలన పదకొండు రెండు. సత్యవతిగారు టీవీకి ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్లి చూశారు.

"పది ఇరవై రెండే," అన్నారు.

గది మొత్తం ఊపిరి పీల్చుకుంది. అప్పుడు నాకు మా గోడ గడియారం గుర్తొచ్చింది. "మా ఇంటి గడియారం నలభై నిమిషాలు ముందుంటుందండీ. దాన్ని చూసి కెమెరాల్లో పెట్టాను," అని ఒప్పుకున్నాను. ముందు కావ్య నవ్వింది, తర్వాత వాళ్లాయన, ఆ తర్వాత నేను తప్ప అందరూ. సత్యవతిగారు కోడలి తల నిమిరి, నా ఆకులో ఇంకో బూరె వేసి, "తిను బాబూ, కానీ ఆ అంకెలు తీసెయ్," అన్నారు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నారా? నేనూ అనుకున్నాను.

ఇంటికి వెళ్లి అమ్మను అడిగాను. "గడియారం నలభై నిమిషాలు ముందుకు పెట్టి నా కొంప ముంచినవ్ గదమ్మా."

"నలభై ఎవలు పెడ్తర్రా? ఇరవైయే పెట్టిన."

పదకొండు రెండులోంచి ఇరవై తీసేస్తే పది నలభై రెండు. అంటే పెళ్లి నిజంగానే ఇరవై నిమిషాలు ఆలస్యం. మరి పంతులుగారి వాచీ? ఆ ముక్కను మళ్లీ తెరిచి, చేతిని పెద్దది చేసి చూశాను. వాచీలో సెకన్ల ముల్లు కదలడం లేదు.

మర్నాడు పొద్దున్నే పంతులుగారి ఇంటికి వెళ్లాను. ఆయన తులసి కోటకు నీళ్లు పోస్తున్నారు.

"పంతులుగారూ, మీ వాచీ ముల్లు కదుల్తలేదు."

ఆయన అటూ ఇటూ చూసి, చెంబు కింద పెట్టారు. "ఎట్ల కదుల్తది బిడ్డా? మండపంల కూసోంగనే ముహూర్తం టైముకు తిప్పి, కీ బయటికి గుంజి పెడ్త."

"ప్రతి పెళ్లిలనా?"

"ఒక దిక్కు పిల్ల తయారుగాదు, ఇంకో దిక్కు పిల్లగాడు రాడు. నన్నేం జెయ్యమంటవ్? మీ అమ్మ నిన్ను లేపనీకి గడియారం ముందుకు జరిపింది. నేను ఇద్దరు వియ్యంకులు కొట్లాడకుండ వాచీ ఆపిన. కావ్య, పిల్లగాడు మంచిగున్నరా?"

"మంచిగున్నరు. నిన్న సాయంత్రమే ఇద్దరు కలిసి అత్తగారింటికి పోయిండ్రు."

"మరింకేంది పరేషాన్? పో, పోయి నీ పని చూస్కో."

పోయి నా పని చూసుకున్నాను. మూడో సాఫ్ట్‌వేర్ తీసేసి, రెండోదాన్ని మళ్లీ తెచ్చుకున్నాను. గడియారాలు సరిచూశారా అని అది అడిగినప్పుడల్లా "చూశానమ్మా" అని వినయంగా చెబుతాను. కావ్య కూతురు ఇప్పుడు బడికి వెళ్తోంది. పాప మొదటి పుట్టినరోజు వీడియో కూడా నేనే చేశాను, అంకెలు లేకుండా.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట, మా యాదగిరన్న రూళ్ల పుస్తకం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ పెళ్లి వీడియో మీదా టైము వేయను. ఏ పంతులుగారి చేతినీ పెద్దది చేసి చూడను.

నా పెళ్లి చేయించిందీ ఆయనే. ముహూర్తం ఒక్క నిమిషం కూడా తప్పలేదు. వీడియోలో వాచీ ఉంది, కావాలంటే వచ్చి చూసుకోండి.